గాలివాన మాస్టారి కొత్త పెట్టె

మా బావని నాటకాల వాళ్ళంతా గాలివాన మాస్టారు అంటారు. మనిషిని చూస్తే బక్కపలచగా ఉంటాడు. కోపం వచ్చినా గొంతు లేవదు. మా అక్క గట్టిగా ఒక మాటంటే చెప్పులేసుకుని బయటికెళ్ళి, పావుగంట తర్వాత ఏమీ జరగనట్టు తిరిగొస్తాడు. అలాంటివాడికి ఆ పేరు ఎందుకొచ్చిందంటే, స్టేజి పక్కన తెర వెనక కుర్చీ వేసుకుని, సింథసైజర్ మీద పది వేళ్ళతో తుఫాను తెప్పించేవాడు. ఇరవై రెండేళ్ళు ఆ పనే చేశాడు. అది ఎలా పోయిందో చెప్పాలంటే నా సంగతి కూడా చెప్పక తప్పదు, ఎందుకంటే పోగొట్టిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నేను వాద్యాల షాపులో సేల్స్‌మన్‌ని. మొదటి అంతస్తులో కీబోర్డుల విభాగం నాది. పొద్దున్నే వాటి మీద దుమ్ము తుడవడం, కొనే ఉద్దేశం లేకుండా గంటసేపు వాయించి పోయేవాళ్ళకి నవ్వుతూ వీడ్కోలు చెప్పడం, స్టాకులో లేనిది అడిగితే "వచ్చేస్తుందండీ, రెండు వారాల్లో" అనడం నా ఉద్యోగం. ఆ మాట రోజుకి ఇరవై సార్లు అంటాను. అబద్ధమాడుతున్నానని ఎప్పుడూ అనిపించలేదు. కూర్చోండి, మంచినీళ్ళు తాగుతారా అన్నట్టే అదీ ఒక మర్యాద అనుకునేవాణ్ణి.

బావ సింథసైజర్ చాలా పాతది. ఆ మోడల్ తయారీ ఆపేసి పదిహేనేళ్ళు దాటింది. పేర్లు కనబడే చిన్న తెరలో కుడి సగం వెలగదు. ఎండలు ముదిరితే మధ్యలో ఒక కీ దిగబడిపోయి పైకి రాదు, దాన్ని గోటితో లేపుకుంటూ వాయించేవాడు. కానీ అందులో నూట ఇరవై ఎనిమిది ఖాళీ స్థానాలుండేవి, వాయించేవాడు సొంతంగా తయారుచేసుకున్న శబ్దాలు, మా భాషలో టోన్లు, దాచుకోవడానికి. చాలామంది వాటిని ముట్టుకోరు, కంపెనీ ఇచ్చిన పియానో, వయొలిన్ చాలనుకుంటారు. బావ ఆ నూట ఇరవై ఎనిమిదీ నింపాడు. నిండిపోయాక బాగాలేనిది ఒకటి తీసేసి కొత్తది పెట్టేవాడు, అదీ రెండు మూడు వారాలు ఆలోచించి.

వానలే మూడు చేశాడు. రేకుల మీద పడే వాన, ఆకుల మీద పడే వాన, తలుపులు మూసిన గదిలోంచి వినిపించే వాన. మూడోదానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల గురించి అడిగితే మా అక్క, "బయట చినుకు లేదు, ఇంట్లో నాకు పడిశెం పట్టిందిరా తమ్ముడూ" అంటుంది. దూరంగా ఎవరో దగ్గినట్టు ఉండేది ఒకటి. ఖాళీ చేసిన ఇంట్లో అడుగుల చప్పుడు ఒకటి. మా అక్క విసుక్కున్నప్పుడు ముక్కుతో వదిలే ఊపిరి కూడా ఒక టోన్ అయి కూర్చుంది. ఆ సంగతి ఆవిడకి నాటకం చూస్తుండగా తెలిసింది. మూడు రోజులు మాట్లాడలేదు, నాలుగో రోజు మళ్ళీ వినిపించమంది.

వాళ్ళ బృందానికి పేరు తెచ్చిన నాటకం ఒకటుంది. కథంతా ఒకే గదిలో, ఒకే తుఫాను రాత్రి జరుగుతుంది. గంటంపావు సేపు వాన ఆగదు. పాత్ర మాట తగ్గిస్తే వాన తగ్గాలి, ఎవరైనా తలుపు తీస్తే గది వాన కాస్తా రేకుల వాన అవ్వాలి. నటుడు ఒక్కోరోజు తలుపు దగ్గర నాలుగు క్షణాలు ఎక్కువ ఆగుతాడు. బావ వాన కూడా అతనితోపాటు ఆగేది. దర్శకుడు, మేమంతా పెద్దాయన అంటాం, ఎవర్నీ మెచ్చుకోని మనిషి. ఆయన కూడా, "ఈ నాటకంలో నేను ఎవర్నైనా మార్చగలను, మాస్టార్ని తప్ప" అన్నాడని చెప్పుకునేవాళ్ళు.

ఇన్ని టోన్లనీ పట్టి ఉంచేది మెషీన్ లోపల చొక్కా గుండీ కంటే కాస్త పెద్ద బ్యాటరీ ఒక్కటే. అది చచ్చిపోతే అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆ భయంతో ఒక ఆదివారం మెషీన్‌ని కంప్యూటర్‌కి కలిపి, నూట ఇరవై ఎనిమిదినీ ఒక ఫైలుగా ఎక్కించి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి బావ చేతికిచ్చాను. నా జీవితంలో చేసిన మంచి పనుల్లో అదొకటని చాలాకాలం గర్వపడ్డాను.

సరిగ్గా అప్పుడే ఆ ఫోటో వచ్చింది.

ఏదో ఎగ్జిబిషన్‌లో, హాలు వెనక మూల, బల్ల మీద నల్ల గుడ్డ కప్పిన పొడవాటి వస్తువు. గుడ్డ ఒక పక్క జారి శబ్దం సవరించుకోవడానికి తిప్పే గుండ్రటి బిరడాలు రెండు, నాలుగు తెల్ల కీలు కనబడుతున్నాయి. పక్కన కంపెనీ చొక్కా వేసుకున్న ఒకాయన చెయ్యి. అంతే. అదే కంపెనీ, బావ పాత మెషీన్ చేసిన కంపెనీ. ఆ ఫోటో కీబోర్డుల వాళ్ళందరి ఫోన్లలో తిరిగింది. నాకు మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చింది, పన్నెండూ ఐదుకి బావకి పంపాను, ఒంటిగంటకి బావ షాపులో ఉన్నాడు.

స్కేలు కూడా తెచ్చుకున్నాడు. ఫోటోని పెద్దది చేసి ఫోన్ మీదే కొలవడం మొదలుపెట్టాడు.

"ఈయన అరచెయ్యి ఐదు కీల వెడల్పనుకో. గుడ్డ పొడవు ఇంత. అంటే డెబ్బై ఆరు కీలు."

"ఆయన చెయ్యి చిన్నదైతే?"

"చిన్న చేతివాణ్ణి అలాంటి చోట నిలబెట్టర్రా, మెషీన్ పెద్దదిగా కనబడుతుంది, అమ్మేటప్పుడు మొయ్యలేమని జనం భయపడతారు."

నాకు నవ్వొచ్చింది గానీ, సేల్స్‌మన్‌ని కాబట్టి అందులో న్యాయం కూడా కనబడింది. ఆ వారమంతా టీ తాగే వేళకి వచ్చేవాడు. బిరడాలు రెండే ఉన్నాయంటే మిగతా ఆరు గుడ్డ కింద ఉంటాయన్నాడు. గుడ్డ మధ్యలో కాస్త ఎత్తుగా ఉంది కాబట్టి తెర పైకి లేచేలా చేశారన్నాడు. కాయితం మీద మెషీన్ బొమ్మ గీశాడు, కొలతలతో సహా. నేను తక్కువ తిన్నానా, వెనకవైపు ఎన్ని సాకెట్లుంటాయో నేను గీశాను. ఇద్దరం కలిసి గాలిలో ఒక మెషీన్ కట్టేసి దానికి వారంటీ కూడా ఇచ్చేసుకున్నాం.

పది రోజులకి ఇంకోటి బయటపడింది. ఎవరో కంపెనీ కొత్త మాన్యువల్‌లో సగం పేజీ ఫోటో తీసి నెట్‌లో పెట్టారు. అందులో ఒక వాక్యం: పాత సిరీస్ టోన్ల ఫైళ్ళను ఇందులోకి ఎక్కించుకోవచ్చు. గంటలో దాన్ని ఎవరో తీయించేశారు. తీయించేశారంటేనే నిజమని మేమిద్దరం తీర్మానించాం. ఆ పైన మా ఓనరుకి కంపెనీ నుంచి డీలర్లకిచ్చే ధరల జాబితా వచ్చింది. అందులో రెండు మోడళ్ళ మధ్య ఒక వరస ఖాళీగా ఉంది. పేరు లేదు, ధర లేదు, ఉత్త నంబరు. ఓనరు టేబుల్ మీంచి దొంగతనంగా చదివి, ఆ రోజు సాయంత్రమే బావ ఇంటికి పరిగెత్తాను.

ఇక్కడ మా వ్యాపారంలో ఒక అలవాటు చెప్పాలి. కొత్త మోడల్ ప్రకటించిన రోజున పాత మోడల్ విలువ పడిపోతుంది. అందుకని లోపలి కబురు తెలిసినవాళ్ళు ప్రకటనకి ముందే పాతది అమ్మేస్తారు. ఇది తెలియనివాణ్ణి మేం చులకనగా చూస్తాం. బావ మెషీన్‌కి గిరాకీ ఉన్నదే ఆ శబ్దం ఇంకెందులోనూ లేదు కాబట్టి. కొత్తదాంట్లో ఆ శబ్దం వచ్చేసిందంటే దీన్ని పాత సామాన్ల వాడు కూడా ముట్టుకోడు. పైగా బ్యాటరీ రేపో మాపో అంటోంది, కీలు దిగబడిపోతున్నాయి. ఇది అమ్మితే తప్ప కొత్తది కొనే స్తోమత లేదు. ఇవన్నీ నేనే చెప్పాను, వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ.

అక్క గుమ్మంలో నిలబడి వింది.

"ఏమండీ, ఆ కొత్తది ఇంటికొచ్చాక ఇది ఇచ్చెయ్యొచ్చుగా?"

"అప్పటికి ఎవరూ కొనరే."

"కొనకపోతే ఇంట్లోనే పడి ఉంటుంది. అన్నం పెట్టాలా దానికి?"

బావ నా వంక చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నువ్వు సరేనంటే సరే అన్న చూపు. నాకు తెలియని విషయం నాకు తెలుసని ఒక పెద్దమనిషి నమ్మడం అదే మొదటిసారి. నేను నోరు తెరిచి, రోజుకి ఇరవై సార్లు అనే మాటే అన్నాను. "వచ్చేస్తుంది బావా. మహా అయితే రెండు నెలలు."

కొనేవాణ్ణి నేనే వెతికి పెట్టాను. ప్రయాణికుల ఓడల మీద పాటలు వాయించే ఆయన. వారంలో ఓడెక్కాలి, తొందరలో ఉన్నాడు. షాపులోనే రెండు నిమిషాలు వాయించి చూశాడు. వానల జోలికి పోలేదు, పియానో చూసుకుని బాగుందన్నాడు. బావ దగ్గరుండి దుప్పటి చుట్టి, తాళ్ళు కట్టి, ఎండకి కీ దిగబడితే ఎలా లేపాలో గోటితో చూపించాడు. ఆయన సరే సరే అంటూ కారెక్కించుకుపోయాడు. బావ జేబు తడుముకున్నాడు. పెన్‌డ్రైవ్ ఉంది. "అసలు సరుకు ఇక్కడే ఉందిగా" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

రెండు నెలలైంది, నాలుగైంది. కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఎగ్జిబిషన్ ఒకటొచ్చింది, కళ్ళల్లో వత్తులేసుకుని చూశాం, అందులో డ్రమ్ములు విడుదల చేశారు. మొదట్లో బావ రోజూ పదింటికి ఫోన్ చేసి, "ఏమన్నా తెలిసిందా?" అనేవాడు. తర్వాత్తర్వాత ఆ మాట అడగడం మానేశాడు. "షాపులోనే ఉన్నావా?" అనేవాడు. "ఉన్నా బావా" అనేవాణ్ణి. "సరేలే" అని పెట్టేసేవాడు. తిట్టినా బాగుండేది.

షాపులో డెమోకి పెట్టిన కీబోర్డు ఒకటి ఓనర్ని బతిమాలి బావకి ఇప్పించాను. అందులోనూ వాన ఉంది. కంపెనీ వాన. రిహార్సల్లో అది విని పెద్దాయన చెయ్యెత్తి ఆపేశాడు.

"మాస్టారూ, ఇది వానాండీ? మూకుట్లో ఏదో వేగుతున్నట్టుంది."

అందరూ నవ్వారట. బావ కూడా నవ్వాడట. ఆ తుఫాను నాటకం ప్రస్తుతానికి పక్కనపెట్టి, వాన లేని నాటకాలు వేసుకుంటూ వచ్చారు. వాటిలో బావకి పెద్దగా పని లేదు. తెర లేచేటప్పుడు ఒక ముక్క, దిగేటప్పుడు ఒక ముక్క. మధ్యలో కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు.

పాతది మళ్ళీ కొనేద్దామని నేను మొదలుపెట్టాను. ఓడ వాద్యగాడి నంబరు పనిచేయలేదు. పది నెలలకి తనే ఫోన్ చేశాడు, వేరే కీబోర్డు కావాలని. ఉప్పుగాలికి ఆ మెషీన్ లోపలంతా తుప్పు పట్టిందట, మోత బరువు ఎందుకని ఏదో రేవులో వదిలేశాడట. "మంచి పియానో, పాపం" అన్నాడు. అదే మోడల్ ఇంకోటి ఎక్కడైనా దొరుకుతుందేమోనని కనబడ్డ ప్రతివాణ్ణీ అడిగాను. పనిచేసేది ఉన్నవాళ్ళు అమ్మరు, అమ్ముతామన్నవాళ్ళ దగ్గర ఉన్నది పనిచేయదు. రెండు తెప్పించాను. రిపేరు చేసేవాడు మూత తీసి చూసి, శబ్దం పుట్టే చిప్పే పోయింది, అది ఇప్పుడు ఎవరూ చేయరని చేతులెత్తేశాడు.

ఆ సంగతి చెప్పడానికి వెళ్ళినప్పుడు బావ ఇంట్లో లేడు. అక్క బట్టలు మడత పెడుతోంది. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు, అదే నాకు కష్టమైంది.

"ఒక్క ముక్క అనవే అక్కా. నీకు ఆరోజే తెలుసుగా."

"నాకేం తెలుసురా? ఇంట్లో ఇంకో పెట్టెకి చోటుందని తెలుసు, అంతే." మడత పెడుతున్న చీర పక్కన పెట్టి అంది. "పొద్దున్న భోజనాల బల్ల మీద వేళ్ళు ఆడిస్తున్నారు. ఏంటండీ అంటే ఏం లేదు, మర్చిపోతానేమోనని అన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను."

ఏడాదిన్నర తర్వాత పెద్దాయన బావని ఇంటికి పిలిచి కూర్చోబెట్టాడు. తుఫాను నాటకం మళ్ళీ వేయమని హాలు వాళ్ళు అడుగుతున్నారు, ఇంక ఆపలేనన్నాడు. "మీ వాన తిరిగొస్తే కుర్చీ మీదే మాస్టారూ. రాకపోతే రికార్డు చేయించిన వాన పెట్టుకుంటాను. తప్పుగా అనుకోకండి." ఆయన నిజంగానే చెడ్డవాడు కాడు. ప్రదర్శనకి నెల రోజులుంది.

మూడు వారాలకి మెషీన్ వచ్చింది.

ఏ ఫోటో లేదు, ఏ గుసగుసా లేదు. సోమవారం ప్రకటించారు, గురువారం మా షాపుకి ఒక డెమో పీసు దిగింది. అరవై ఒక్క కీలే. బిరడాలు ఎనిమిది కాదు, మూడు. తెర పైకి లేవదు. కానీ మాన్యువల్ ముప్ఫై ఒకటో పేజీలో ఆ వాక్యం ఉంది, అక్షరం పొల్లుపోకుండా. పాత సిరీస్ టోన్ల ఫైళ్ళను ఇందులోకి ఎక్కించుకోవచ్చు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, దాచుకోవడం ఎందుకు. బావకి ఫోన్ చేసి, "వచ్చింది" అన్నాను.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అక్క కూడా వచ్చింది, నా విభాగంలోకి ఆవిడ రావడం అదే మొదలు. బావ పెన్‌డ్రైవ్ నా చేతికిచ్చాడు. నేనే గుచ్చాను. తెర మీద ఒక గీత మెల్లగా నిండింది. నిండాక ఒక్కొక్క పేరూ వరసగా దిగసాగింది. వాన రేకు. వాన ఆకు. వాన గది. దగ్గు. ఖాళీ ఇల్లు. నూట ఇరవై ఎనిమిదీ, బావ పెట్టిన వరసలోనే, ఒకచోట చేసిన అక్షరం తప్పుతో సహా. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను బావ భుజం పట్టుకుని ఊపేశాను.

బావ మూడోదాని మీద వేలు పెట్టి, రెండు చేతులూ కీల మీద ఆనించి, నొక్కాడు.

శుభ్రంగా ఉంది. చాలా అందంగా కూడా ఉంది. వీణ తీగలు ఎక్కడో గాజు గదిలో మీటినట్టుంది. వాన మాత్రం కాదు.

ఇంకోటి నొక్కాడు. ఇంకోటి. దగ్గు దగ్గర ఒక గంట మోగింది. ఖాళీ ఇంట్లో వేణువు పలికింది. పదకొండో పన్నెండో దాకా వెళ్ళి, ఆగి, నా వంక తిరిగి నెమ్మదిగా చెప్పాడు, తప్పు చేసినవాడు తనే అయినట్టు.

"ఫైల్లో ఉన్నది నేను చేసిన మార్పులేరా. ఏది ఎంత తగ్గించాలి, ఏది ఎప్పుడు మొదలవ్వాలి, అంతవరకే. కింద అసలు శబ్దం ఆ పాత చిప్పుది. ఇందులో కింద వేరేది ఉంది. నాకు తట్టాల్సింది. ఇన్నేళ్ళు దాంతోనే బతికాను, నాకు తట్టాల్సింది."

"నాకూ తట్టలేదు బావా."

"నీకెలా తడుతుందిరా, నువ్వు అమ్మేవాడివి" అన్నాడు. దెప్పిపొడవడానికి కాదు, నన్ను తప్పించడానికే అన్నాడు. నాకు మాత్రం చచ్చిపోవాలనిపించింది.

అక్క ఏమీ అర్థం కాక, "మళ్ళీ సరిచేసుకోవచ్చు కదండీ? నాలుగు నెలలు కాకపోతే ఆరు నెలలు" అంది. బావ తలూపాడు. నూట ఇరవై ఎనిమిదింటికి ఇరవై రెండేళ్ళు పట్టాయని ఆవిడకి ఎవరూ గుర్తుచేయలేదు. ప్రదర్శనకి వారం ఉంది.

ఇంతలో మెట్లెక్కి వచ్చిన ఒక కుర్రజంట ఆ గాజు గది శబ్దం విని ఆగిపోయారు. "ఎంత బాగుందో! ఆయన వాయిస్తున్నదేనా కొత్తది?" అని ఓనర్ని అడిగారు. ఓనరుకి మొహం వెలిగిపోయింది. నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఏమయ్యా, వాళ్ళు ఈ పీసే తీసుకుంటారట. లోపల ఎక్కించినవన్నీ తీసేసి కొత్తదానిలా ఇవ్వు" అన్నాడు. తగ్గించిన గొంతు బావకి వినబడింది. శబ్దాలు వినడమే ఆయన పని.

నేను మెనూలోకి వెళ్ళాను. తెర మీద ప్రశ్న వచ్చింది. అన్నీ చెరిపేయాలా, అవునా, కాదా. నా వేలు కదల్లేదు. జంట ఎదురుచూస్తున్నారు, ఓనరు నా వంకే చూస్తున్నాడు, అక్క పేర్ల వంక చూస్తోంది.

"జరగరా" అన్నాడు బావ. నన్ను పక్కకి జరిపి, అవును నొక్కాడు. ఖాయమేనా అని అది ఇంకోసారి అడిగింది. మళ్ళీ నొక్కాడు. పేర్లు పోయి, ఒకటి నుంచి నూట ఇరవై ఎనిమిది దాకా ఖాళీ, ఖాళీ, ఖాళీ అని వచ్చింది. పెన్‌డ్రైవ్ పీకి నా జేబులో వేశాడు. చొక్కా సర్దుకుని, ఆ జంటకి, "మంచి మెషీన్ అండీ, నిశ్చింతగా తీసుకోండి" అన్నాడు.

అక్కని ఇంటి దగ్గర దింపమని నాకు చెప్పాడు. నాలుగింటికి తనకి రిహార్సల్ ఉందట. నాటకంలో తలుపు తీసినప్పుడు వాన రికార్డు మార్చడానికి అక్కడ ఒక మనిషి కావాలని చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.